పట్టీ ఊడదు, సున్నం ఊడుతుంది: మేకు కొట్టకుండా ఏది దేనితో తగిలించాలి?

పోయిన వానాకాలంలో ఒంగోలు లాయర్‌పేట నుంచి ఒక ఫోను వచ్చింది. "అన్నా, మీరు అంటించిన రౌటర్ రాత్రి పడిపోయింది. వెనక పెట్టిన ఆ జిగురు పట్టీ నకిలీదేమో" అన్నాడు ఆ అబ్బాయి. మర్యాదగానే అన్నాడు కానీ నాకు పౌరుషం వచ్చింది. వెళ్లి చూస్తే రౌటర్ బల్ల కింద ఉంది. దాని వీపున పట్టీ ముక్కలు రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి వెనక అరచేయంత సున్నపు పెచ్చు. ఆ పెచ్చులో పైన తెలుపు, దాని కింద నీలం, ఇంకా కింద లేత ఆకుపచ్చ. ముగ్గురు అద్దెవాళ్ల కాలం నాటి రంగులు ఒకే ముక్కలో కనిపించాయి. పట్టీ తన పని తాను చేసింది. చేయి వదిలేసింది గోడ.

సీసీ కెమెరాలు, రౌటర్లు, ఇన్వర్టర్లు బిగించే పని నాది. డ్రిల్లు చేతిలో చూడగానే ఇంటి యజమానుల ముఖాలు ఎలా మారిపోతాయో నాకు బాగా తెలుసు. అందుకే అద్దె ఇళ్లవాళ్లు మేకు లేకుండా తగిలించే మార్గం అడుగుతారు. అందరూ అడిగే మాట ఒకటే: "అన్నిటికన్నా గట్టిది ఏది?" నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. దేని మీద అంటిస్తారు? అంటించాక ఎన్నిసార్లు తీసి పెడతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ పట్టీ కొనాలో దాదాపు తేలిపోతుంది. గట్టితనం ఆ తర్వాతి సంగతి.

ముందు గోడను అడగండి

పార్సిళ్లకు వేసే బ్రౌన్ టేపు జానెడు ముక్క కత్తిరించి గోడకు అంటించండి. బొటనవేలితో గట్టిగా రుద్ది ఒక్క విసురున లాగండి. టేపు జిగురు వైపు వెలుతురులో పెట్టి చూడండి. తెల్లటి పొడి పట్టి ఉంటే ఆ గోడ మీద ఏ కంపెనీ పట్టీ అయినా డబ్బు దండగే. సున్నం కొట్టిన గోడలు, చవక డిస్టెంపర్ వేసిన గోడలు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. టేపు శుభ్రంగా వస్తే ముందుకు వెళ్లవచ్చు.

పుట్టీ పెట్టి ఎమల్షన్ వేసిన గోడ తేలిక వస్తువులను మోస్తుంది. కొత్తగా రంగు వేసి ఉంటే కనీసం వారం ఆగాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. ఎనామిల్ వేసిన తలుపులు, గాజు, టైల్స్, పౌడర్ కోటింగ్ ఉన్న స్టీలు బీరువా జిగురు పట్టీలకు మంచి చోట్లు. చీమకుర్తి గ్రానైటు పరిచిన వంటగట్టు అయితే ఇక చెప్పనక్కర్లేదు. మెరుగు పెట్టిన ఆ నల్లరాయికి మంచి జిగురు పట్టిందంటే తీయడానికి మనకే చెమటలు పడతాయి. అయితే వంటింటి రాయి మీద పోపుల నూనె పొర కంటికి కనపడకుండా ఉంటుంది. అది తుడవకపోతే గ్రానైటు కూడా సున్నపు గోడతో సమానమే.

తీరం వైపు ఇళ్ల సంగతి వేరు. కొత్తపట్నం, మైపాడు దగ్గర ఇళ్లలో గోడ అడుగు నుంచి చెమ్మ ఎక్కి ఉప్పు పొడుచుకు వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కురిసిన వానకు తడిసిన గోడలు ఆరడానికి చాలా రోజులు పట్టింది. అలాంటి గోడ మీద నిన్నటిదాకా నిలిచిన పట్టీ ఇవాళ పొరతో సహా రావచ్చు. తడి పీల్చే గోడ అయితే వస్తువును పక్కనున్న తలుపు చట్రానికో అలమరకో మార్చుకోవడమే మేలు.

ఉత్తరేణి, పుట్టగొడుగు

తీసి పెట్టుకునే పట్టీల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. మొదటిది అందరికీ తెలిసిన వెల్‌క్రో. పొలం గట్టున నడిచి వస్తే పంచె అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి కదా, పని అదే. స్విట్జర్లాండుకు చెందిన జార్జ్ డి మెస్ట్రాల్ అనే ఇంజినీరు 1941లో వేటకు వెళ్లి వచ్చాక తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటిన అక్కడి ముళ్లకాయలను మైక్రోస్కోపు కింద చూశాడు. ముళ్ల చివర చిన్న కొక్కేలు కనిపించాయి. ఆ చూపే 1955 నాటికి పేటెంటు అయింది. ముఖమల్, కొక్కెం అనే అర్థాలున్న రెండు ఫ్రెంచి మాటలను కలిపితే వచ్చిందే వెల్‌క్రో అన్న పేరు. ఒక వైపు గరుకు కొక్కేలు, మరో వైపు మెత్తటి దారపు ఉంగరాలు.

రెండోది పుట్టగొడుగుల పట్టీ. 3ఎం కంపెనీ డ్యూయల్ లాక్ పేరుతో అమ్మేది ఈ జాతిదే. ఇలాంటివే వేరే పేర్లతోనూ దొరుకుతున్నాయి. ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూడండి. మెత్తదనం ఎక్కడా ఉండదు. వరుసలు వరుసలుగా నిలబడ్డ ప్లాస్టిక్ కాడలు, ప్రతి కాడకూ ఒక గుండ్రటి టోపీ. రెండు ముక్కలను ఎదురెదురుగా పెట్టి నొక్కితే ఒకదాని టోపీలు మరోదాని కాడల మధ్యకు దూరి, వెనక్కి రాకుండా అడ్డం పడతాయి. అప్పుడు వేయించిన శనగలు కొరికినట్టు పటపటమని చప్పుడు వస్తుంది. చప్పుడు రాలేదంటే పట్టు పడలేదని అర్థం. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే. వెల్‌క్రోలాగా ఊరికే ఆనించి వదిలేస్తారు.

అట్టపెట్టె మీద 170, 250, 400 అనే అంకెలు కనిపిస్తే కంగారు పడకండి. చదరపు అంగుళానికి సుమారు ఎన్ని కాడలు ఉన్నాయో చెప్పే లెక్క అది. 250 రకం దానితో అదే కలుస్తుంది, ఇంట్లో పనులకు ఇదొక్కటి చాలు. గట్టి పట్టు కావాలంటే ఒక వైపు 400, మరో వైపు 250 పెడతారు. రెండు వైపులా 400 పెడితే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవద్దు. కాడలు మరీ చిక్కగా ఉండి ఒకదానిలోకి ఒకటి దూరే సందే ఉండదు. కావలిలో ఒక షాపువాడు నాకు అలాంటి జతే కట్టి ఇచ్చాడు. ఎంత నొక్కినా పటపట లేదు.

ఈ రెంటిలో ఏది? రోజూ తీసి పెట్టేదైతే వెల్‌క్రో. వేలసార్లు తీసినా బతుకుతుంది, మెల్లగా ఒలిస్తే వస్తుంది. కాకపోతే జుట్టు, దారపు పోగులు, దుమ్ము పట్టి పట్టు సడలుతుంది. ఇంకో లోపం, అది ఊగుతుంది. బరువు వేలాడినప్పుడు వస్తువు ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి జారి నిలుస్తుంది. పుట్టగొడుగుల పట్టీ దాదాపు బిగించినట్టే నిలుస్తుంది. కెమెరా ఏ కోణంలో పెడితే ఆ కోణంలోనే ఉండాలంటే నేను దీన్నే వాడతాను. నిటారుగా లాగితే వెల్‌క్రో కన్నా చాలా ఎక్కువ బలం ఓర్చుకుంటుంది. ఆయుష్షు మాత్రం దానికన్నా తక్కువ. వెయ్యిసార్లు తీసి పెట్టేసరికి పట్టు సగానికి పడిపోతుందని తయారీదారులే చెబుతారు. నెలకోసారి తీసే వస్తువుకు వెయ్యి అంటే మన మనవల కాలం దాకా సరిపోతుంది. రోజుకు పదిసార్లు తీసే టీవీ రిమోట్‌కైతే వంద రోజులకే వెయ్యి అయిపోతుంది. ధర కూడా వెల్‌క్రోకు కొన్ని రెట్లు ఉంటుంది.

నెల్లూరు దోమల గురించి వేరే చెప్పాలా? కిటికీ దోమతెరకు వెల్‌క్రోనే సరి. తెర తేలిక, వారానికోసారి తీసి ఉతకాలి, అంచు పొడవునా సన్నగా పట్టుకోవాలి. దానికి పుట్టగొడుగుల పట్టీ వేస్తే మొదటిసారి తీసేటప్పుడే తెర చిరుగుతుంది. పడమటి కిటికీ అయితే ఏడాది తిరగకుండానే ఊడేది వెల్‌క్రో కొక్కేలు కావు, దాని వెనకున్న చవక జిగురు. జిగురు సంగతి వేరే చెప్పుకోవాలి.

లాగితే సాగే పట్టీలు, ఫోమ్ టేపు, స్క్రూ

కమాండ్ అనే పేరుతో దొరికేవాటి లాంటి, గోడకు పటాలు తగిలించే పట్టీలు మూడో జాతి. ఒకదాన్నొకటి కరుచుకునే పళ్లు వీటికీ ఉంటాయి. అయితే వీటి గొప్పతనం పట్టులో కన్నా వదలడంలో ఉంది. అడుగున ఉన్న తోకను గోడకు ఆనించి, నిదానంగా నేల వైపు లాగితే జిగురు రబ్బరులా సాగి మచ్చ లేకుండా వచ్చేస్తుంది. మీ వైపు లాగితే మాత్రం పెయింటును వెంట తెస్తుంది. పెద్ద సైజువి నాలుగు జతలు పెడితే 7.2 కిలోల దాకా అని ప్యాకెట్ మీద రాస్తారు. నునుపైన గోడ మీద, గోడకు ఆనుకుని ఉండే పటానికి చెప్పిన లెక్క అది. మంచం పైన పెట్టవద్దని కూడా ఆ ప్యాకెట్లే చెబుతాయి. ఆ మాట ఎవరూ చదవరు. ఇంకోటి, ఇవి 10 నుంచి 40 డిగ్రీల మధ్యే పనిచేసే రకం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లలో 40 ఒక లెక్కా? పైన స్లాబు ఉన్న గదిలో లోపలి గోడకైతే సరే. రేకుల ఇంట్లోనూ, పడమటి ఎండ తగిలే గోడకూ ఇవి వద్దు.

రెండు వైపులా జిగురున్న మామూలు ఫోమ్ టేపు గురించి పెద్దగా చెప్పను. ఒకసారి అంటించి మళ్లీ ముట్టుకోని వస్తువుకు అది చాలు. తీయాల్సి వస్తే వస్తువో గోడో దెబ్బతింటుంది.

స్క్రూకు ప్రత్యామ్నాయం లేని చోట్లు ఉన్నాయి. టీవీ, ఇన్వర్టర్, బరువైన అద్దం, మంచం మీదా ఉయ్యాల మీదా వేలాడే ఏ వస్తువైనా, బయట గోడకు పెట్టే కెమెరా. వీటికి పట్టీ అడిగితే నేను పని ఒప్పుకోను. ఇంటి యజమానితో మాట్లాడి రెండు రంధ్రాలకు అనుమతి అడగమంటాను. ఖాళీ చేసేటప్పుడు తెల్ల సిమెంటు పూడ్చి ఇస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు.

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఈ లెక్క తిరగబడటం కూడా చూశాను. ఉప్పుగాలికి, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల ప్యానెల్ పెట్టెల్లో చిన్న స్క్రూలు తుప్పుపట్టి తల అరిగిపోతాయి, టైమర్‌ను మార్చాలంటే గంట పని. పౌడర్ కోటింగ్ ఉన్న పెట్టె తలుపు లోపల టైమర్‌ను నల్లరంగు పుట్టగొడుగుల పట్టీతో అంటిస్తే ప్లాస్టిక్‌కు తుప్పు బాధ లేదు. పాడైతే తీసి కొత్తది నొక్కడమే.

అసలు మోసం జిగురులో

పట్టీ కొనేటప్పుడు అందరూ ముందు వైపు చూస్తారు. చూడాల్సింది వెనక వైపు. జిగురు రెండు రకాలు. రబ్బరు జిగురు చేతికి తగలగానే గట్టిగా పట్టుకుంటుంది, షాపులో పరీక్షిస్తే ఇదే గొప్పగా అనిపిస్తుంది. బకెట్లు, డ్రమ్ములు చేసే జిడ్డు ప్లాస్టిక్‌కు కూడా కొంత పట్టేది ఇదే. వేడికి మాత్రం లొంగిపోతుంది. 50 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది. యాక్రిలిక్ జిగురు మొదట్లో అంత ఆర్భాటం చేయదు. గంటలు గడిచేకొద్దీ బిగుస్తుంది. ఎండకూ వానకూ వేడికీ తట్టుకుంటుంది.

ఈ తేడా నాకు నా కారే నేర్పింది. నెల్లూరులో ఒక షాపులో పేరు లేని ప్యాకెట్ కొని, ఫోను స్టాండును డాష్‌బోర్డుకు అంటించాను. చేత్తో లాగితే డాష్‌బోర్డే ఊడివస్తుందేమో అన్నంత గట్టిగా ఉంది. మే నెలలో ఒంగోలు స్టేషను బయట పదింటికి కారు పెట్టి, పని చూసుకుని మూడింటికి వచ్చాను. స్టాండు గేరు పక్కన పడి ఉంది. జిగురు డాష్‌బోర్డు నుంచి కిందిదాకా తీగపాకంలా సాగింది. మూసిన కారులో ఎండ పడే డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం మన వేసవిలో వింతేమీ కాదు. ఆ మరక ఇప్పటికీ ఉంది. కారుకూ, రేకుల ఇంటికీ, ఎండ తగిలే ప్రతి చోటికీ యాక్రిలిక్ జిగురు అని ప్యాకెట్ మీద ఉంటేనే కొనండి. జిగురు ఏదో రాయకపోతే రబ్బరే అనుకోండి.

కారు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అమెరికాలో టోల్ చెల్లించే పెట్టెలను కారు అద్దానికి ఇలాంటి పుట్టగొడుగుల పట్టీలతోనే తగిలిస్తారు. అది చూసి ఇక్కడ కొందరు ఫాస్టాగ్‌ను కూడా తీసి పెట్టుకునేలా అమర్చమని అడుగుతున్నారు. అది అద్దానికి నేరుగా అంటించాల్సిన స్టిక్కరు. అంటించకుండా చేతిలో పట్టుకుని చూపించే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జూలైలో ప్రకటించింది. 16వ నంబరు రహదారి మీద టోల్ గేటు దగ్గర వెనక లారీ హారను మోగిస్తుంటే తెలుస్తుంది ఆ బాధ.

ఎంత ముక్క పెట్టాలి, ఎలా పెట్టాలి

యాక్రిలిక్ ఫోమ్ టేపులకు తయారీదారులు చెప్పే మొరటు లెక్క ఒకటుంది: ఎప్పుడూ వేలాడే బరువు కిలోకు 55 చదరపు సెంటీమీటర్లు. అంగుళం వెడల్పు పట్టీ అయితే కిలోకు 22 సెంటీమీటర్ల పొడవు, అంటే దాదాపు జానెడు. వినగానే ఎక్కువనిపిస్తుంది. చేత్తో లాగి చూస్తే రెండంగుళాలకే ఊడదు కదా అంటారు. చేయి లాగేది ఒక్క క్షణం. బరువు రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది, వేసవిలో మరీను. పుట్టగొడుగుల పట్టీకి కూడా నేను ఇదే లెక్క వాడతాను. 400 గ్రాముల రౌటర్‌కు నాలుగున్నర సెంటీమీటర్ల ముక్కలు రెండు.

బరువుకన్నా ప్రమాదం అంచు లేవడం. బత్తాయి తొక్కను మధ్యలో పట్టి లాగితే రాదు, ఒక చివర గోటితో లేపితే సులువుగా వస్తుంది. పట్టీ కూడా అంతే. గోడకు ఆనుకుని ఉండే పలచటి వస్తువు కిందికి మాత్రమే లాగుతుంది, అది పట్టీకి సుఖం. ముందుకు పొడుచుకు వచ్చిన పెట్టె, స్పీకరు, చిన్న అర లాంటివి పై అంచును గోడ నుంచి ఒలుస్తుంటాయి. వాటికి పెద్ద ముక్కను పై అంచు వెంబడి అడ్డంగా పెట్టి, చిన్నది అడుగున పెట్టాలి. వేలాడే వైర్లు కూడా ఇదే పని చేస్తాయి. ఎక్స్‌టెన్షన్ పెట్టె వైరును పక్కనే ఒక క్లిప్పుతో ఆపకపోతే ప్లగ్గు లాగిన ప్రతిసారీ పట్టీ అంచు కొద్దికొద్దిగా లేస్తుంది.

అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సగం నీళ్లతో కలిపి శుభ్రమైన గుడ్డతో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజరు పనికిరాదు, అందులో చర్మం కోసం కలిపే గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది. జిగురు వైపు వేలు తగలనివ్వకండి. పట్టీ ముక్కలు రెంటినీ విడివిడిగా, ఒకటి గోడకు, ఒకటి వస్తువుకు అంటించి ఒక్కోదాన్ని అర నిమిషం బలంగా నొక్కండి. రెండూ కలిపేసి పైనుంచి నొక్కితే బలమంతా పుట్టగొడుగులు మింగేస్తాయి, జిగురుకు అందదు.

తర్వాత ఆగాలి. ఇక్కడే జనం ఓడిపోతారు. యాక్రిలిక్ జిగురు 20 నిమిషాల్లో సగం బలం, ఒక రోజుకు తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి బలం తెచ్చుకుంటుంది. నేను బేరం కుదిరినప్పుడే చెబుతాను: ఇవాళ పట్టీలు అంటిస్తాను, వస్తువు రేపు తగిలిస్తాను. "రెండుసార్లు వస్తారా? ఇప్పుడే పెట్టేయండి బాబూ" అంటారు పెద్దవాళ్లు. "అమ్మా, సిమెంటు వేసిన రోజే గేదెను కడతామా?" అంటే నవ్వి ఊరుకుంటారు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు

వస్తువును నిటారుగా లాగకండి. ఒక అంచున పుట్టీ బ్లేడు దూర్చి కొద్దిగా తిప్పితే పుట్టగొడుగులు వరుస వెంట వరుస వదులుతాయి. గోడకు మిగిలిన ముక్క కోసం హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడి చేసి, గాలానికి కట్టే నైలాన్ దారాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని, జిగురు వెనక రంపంలా ఆడించండి. టైల్, గాజు, గ్రానైటు మీద మిగిలిన జిగురును బొటనవేలితో ఉండచుట్టి, మొండి మచ్చకు నీలగిరి తైలం రాసి తుడిస్తే పోతుంది. ఎమల్షన్ గోడ మీద మాత్రం కొంత రంగు పోవడానికి సిద్ధపడే అంటించాలి.

లాయర్‌పేట రౌటర్‌ను అదే గదిలో ఎనామిల్ వేసిన అలమర తలుపుకు మార్చాను. అవే పట్టీలు కావు, కొత్తవి. మర్నాడు వెళ్లి పటపటమని నొక్కి వచ్చాను. గోడలో ఊడిన పెచ్చు చోట పుట్టీ పెట్టి, మూడు రంగుల్లో యజమానికి ఏది ఇష్టమో అడిగి వేయించే ఖర్చు మాత్రం నా మీదే పడింది. ఆయన ఆకుపచ్చ అన్నాడు.